కోర్కెమాంద్యం

ఉదయం ఏడున్నరకు గోడలోని అందుగూడు తలుపు తెరుచుకుంది. లోపల పొగలు కక్కే పెసరట్టు, నీలం చున్నీ ఉన్నాయి. హైమవతి వాటిని తీసి బల్లమీద పెట్టింది. పెసరట్టు తినాలనిపించిందో లేదో ఆమెకే తెలియదు. చేతికున్న ఎరుకకడియానికి తెలిసింది, అంతే. నాడిలో మెదిలే కోరికను మనసుకన్నా ముందే పసిగట్టి అది కబురు పంపుతుంది. వస్తువు గోడలోంచి వచ్చేస్తుంది. విజయవాడలో దుకాణాలు మూతపడి పద్దెనిమిదేళ్ళయింది.

"చున్నీ నీదేనా?"

"ఏమో, నాదే అయ్యుంటుంది" అంది కూతురు మేదిని, తల తిప్పకుండా.

మేదినికి పందొమ్మిదేళ్ళు. ఏదీ కావాలనిపించని ఈ తీరును కిందటి నెల డాక్టరు కోర్కెమాంద్యం అన్నాడు. ఈ ఈడు పిల్లల్లో సగంమందికి ఉందనీ, మందు లేదనీ మామూలుగా చెప్పాడు. హైమవతీ మామూలుగానే విని వచ్చింది. ఏడుపు రాలేదు. రాలేదని వింతగానూ అనిపించలేదు.

బందరు రోడ్డులో మిగిలిన చివరి మాల్‌ను పడగొట్టేముందు, పాత సరుకుతో సహా మూడు రోజులు జనానికి తెరిచారు. పెళ్ళికి ముందు హైమవతి అక్కడే చీరల సెక్షన్‌లో సేల్స్‌గర్ల్. ఆఖరి రోజున కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్ళింది. గుమ్మం దగ్గర కడియాలు విప్పించుకుని టోకెన్లు ఇచ్చారు.

లోపల తిరునాళ్ళలా ఉంది.

"ఇంతమంది ఏం కొనడానికి వచ్చేవాళ్ళమ్మా?"

"నూటికి పదిమంది కొనేవాళ్ళేమో. మిగతావాళ్ళు యాభై చీరలు విప్పించి, భుజాన వేసుకుని, అద్దంలో చూసుకుని, 'మళ్ళీ వస్తాం' అని పోయేవాళ్ళు. మడతలు పెట్టలేక నా చేతులు పడిపోయేవి."

"మళ్ళీ వచ్చేవాళ్ళా?"

"ఆఁ. వచ్చి మళ్ళీ విప్పించేవాళ్ళు."

చెప్పుల దుకాణం ముందు మేదిని ఆగింది. అద్దం వెనక రెండు జతలు: ఒకటి ఎర్రపట్టీలది, ఒకటి గోధుమరంగుది.

"వీటిలో నాదేది?"

"నాకేం తెలుసే? నువ్వే చూసుకోవాలి."

మేదిని చూసింది. ఎర్రది తొడిగి నాలుగడుగులు వేసింది. విప్పి గోధుమరంగుది తొడిగింది. పక్కనున్న ఎవరో ముసలావిడ, "ఎర్రది బాగుందమ్మాయ్" అంది. ఇంకొకమ్మాయి కాదంది. మేదిని ముప్పావుగంట అలా తొడిగి విప్పుతూనే ఉంది. చివరికి రెండూ అక్కడే పెట్టేసి, "రేపొచ్చి తేల్చుకుంటా" అంది. ఆ గొంతు హైమవతికి కొత్తగా వినిపించింది.

"రేపుండదే. పడగొట్టేస్తారు."

బయట కడియాలు తొడుక్కున్నారు. ఇంటికొచ్చేసరికి అందుగూట్లో రెండు జతలూ ఉన్నాయి, మేదిని కొలతకు సరిగ్గా.

"రెండూ వచ్చేశాయమ్మా" అంది మేదిని, ఎవరో పోయారని చెప్పినట్టు. తలుపు మూసి, వెళ్ళి పడుకుంది.

మర్నాడు పొద్దున మేదిని గదిలో లేదు. హైమవతి అటూ ఇటూ వెతకలేదు, నేరుగా బందరు రోడ్డుకు నడిచింది. రేకుల కంచె వెనక యంత్రాలు గోడలు కూలుస్తున్నాయి. కంచె ఇవతల రెండు మూడు వందలమంది కుర్రాళ్ళు, ఆడపిల్లలు దుమ్ములో భుజాలు రాసుకుంటూ నిలబడి ఉన్నారు. వాళ్ళ మధ్య మేదిని ఉంది. ఎవరూ ఎవరికీ తెలిసినట్టు లేదు. వాళ్ళ కడియాలమీద చిన్న దీపాలు వెతుకుతున్నట్టు గిరగిరా తిరుగుతున్నాయి. పంపడానికి వాటికేమీ దొరకడం లేదు.

దారినపోయే ఒక పెద్దాయన ఆగాడు. "ఏం వస్తుందమ్మా ఇక్కడ?"

"ఏమీ రాదండీ" అంది మేదిని. కాస్త జరిగి ఆయనకు చోటిచ్చింది.

ఆయన ఓ క్షణం ఆలోచించి, వచ్చి నిలబడ్డాడు. ఆయన పక్కన హైమవతి కూడా నిలబడింది.