లోపలి గడియ

తార్‌బహార్ రైల్వే క్వార్టర్లో ఆ ఉదయం కూడా రబ్బరు బంతి గోడకు తగిలి మంచం కిందికి దొర్లింది. విసిరినవాడు గూడ్స్ గార్డు పైడిరాజు. తొంభై మూడు వేసవిలో, బండి చివర గార్డు ఉండే బ్రేక్‌వాన్ కుదుపుకు తలకు పెద్ద దెబ్బే తగిలింది. ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి మొరాయించింది, మాట నెమ్మదించింది. చెయ్యి దారికి రావాలంటే రోజూ ఆ బంతి పిసకాలి. పిసకనంటే పిసకనని ఆయన భీష్మించుకు కూర్చున్నాడు.

"ఇలాగైతే చెయ్యి బిగుసుకుపోతాదండీ," అని భార్య సౌభాగ్య బతిమాలింది.

"దసరాకల్లా నువ్వు డ్యూటీ ఎక్కాలి నాన్నా. టార్గెట్ అదే," అన్నాడు కొడుకు రమణబాబు. సంతకం పెట్టాలి, మెట్లెక్కాలి, డ్యూటీ చెయ్యాలి అంటూ తండ్రి తరఫున కోరికలన్నీ అతనే కోరేశాడు, పుణ్యాత్ముడు.

ఆసుపత్రిలో కసరత్తులు చేయించే తనూజది పక్క క్వార్టరే. పనికి వెళుతూ తొంగిచూసింది.

"బంతి సంగతి వదిలీ బాబాయ్. నీకేటి కావాలి?"

"ఆయన్నేటి అడుగుతావు..." అని రమణబాబు అడ్డొచ్చాడు.

"నువ్వుండు అన్నయ్యా. అచ్ఛా బాబాయ్, నిదానంగా చెప్పు."

పైడిరాజు పెదవులు కదిపి కదిపి, చివరికి ఒకే మాట అన్నాడు.

"గడియ."

"ఏ గడియ నాన్నా?"

"స్నానాలగది గడియ! నువ్వు... పీకీసావు. మీ అమ్మ... తలుపు ఓరగా పెట్టి... కాపలా. నాకు సిగ్గు లేదేట్రా?"

సౌభాగ్య మొహం చిన్నబోయింది. ఆ గడియ పీకించింది ఆవిడే.

"లోపల పడిపోతే ఏటి గతి? నా గుండె ఆగిపోదేటండీ?" అని గొంతు పెంచింది.

"నేను... పసిపిల్లడినేటి?" అని ఆయనా అరిచాడు. దెబ్బ తగిలాక ఆయన అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు.

తనూజ నవ్వేసింది. గడియ నడుం ఎత్తున బిగిద్దామంది, పట్టుకోవడానికి గోడకో కడ్డీ పెడదామంది. లోపలున్నంతసేపూ ఆయన పైకి ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండాలి, అదొక్కటే షరతు.

గడియ బిగించిన రోజు నుంచి బంతి ఊసే లేదు. పైడిరాజు పొద్దస్తమానం తెరిచిన తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, గడియను తిట్టుకుంటూ కుడిచేత్తోనే జరిపాడు. వేళ్లు జారితే మళ్లీ తిట్టి మళ్లీ జరిపాడు. దసరా ఇంకా రాకముందే, ఒక పొద్దున్న లోపలి నుంచి ఠక్కుమని గడియ పడింది.

బయట తల్లీకొడుకులు తలుపుకు చెవులు ఆనించారు. నీళ్ల చప్పుడులో ఆయన గొంతు వినిపించింది. రాయ్‌పూర్ లైన్లో స్టేషన్లు వరసగా చెబుతున్నాడు.

"దాధాపారా... చకర్‌భాఠా... బిల్హా... దగోరీ... నిపనియా..."

అక్కడితో మాట ఆగిపోయింది. రమణబాబు తలుపు దబదబా బాదాడు.

"నాన్నా! నాన్నా!"

"ఎవుడ్రా అది? భాటాపారాలో... సిగ్నల్ ఇవ్వలేదు, బండి ఆగినాది! ఒళ్లు రుద్దుకోనివ్వవేట్రా?"

సౌభాగ్య పగలబడి నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఇన్నాళ్లూ ఆయన్ని కాపాడుతున్నాననే అనుకుంది గానీ, ఒక్క ఘడియ కూడా ఆయన్ని ఆయనకు వదల్లేదని అప్పుడే తెలిసొచ్చింది. కొడుకు చెయ్యి పట్టుకుని వంటింటి వైపు లాక్కుపోయింది.

"రా, మనకిక్కడేటి పని? రాయ్‌పూర్ చేరేక ఆయనే వస్తారు."