సోలాపూర్ మీదుగా

వలస వచ్చిన నేతగాళ్లుండే శాంతి నగర్‌లో మరమగ్గాల చప్పుడు మొదలైంది. లక్ష్మవ్వ చాయ్ వడపోస్తుంటే కొడుకు నిలేష్ ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"అమ్మా, కోమల్‌కు హైదరాబాద్ టికెట్ బుక్ చేస్తున్న. రోడ్డు మీదైతే ఏడు వందల కిలోమీటర్లు, పద్నాలుగు గంటలు. విమానంల గంటా ఇరవై నిమిషాలే."

"వద్దన్న గద. కాన్పు ఈడనే చేద్దాం."

కోడలు కోమల్‌కు ఏడో నెల. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లాలని ఆమె ఆశ. విమానంలో వెళ్లొచ్చని డాక్టరమ్మ కాగితం కూడా రాసిచ్చింది. అయినా లక్ష్మవ్వ నెల రోజులుగా ఏదో ఒక వంక చెబుతూనే ఉంది. ఎండలన్నది. మూఢమన్నది. అంజూర్ ఫాటా చౌరస్తాలో ట్రాఫిక్ దాటి విమానం దాకా పోయేసరికే ఒళ్లు హూనమన్నది.

ఆ మాటలు వినబడి కోమల్ గడప దగ్గరికి వచ్చింది. ఎన్నడూ ఎదురు చెప్పని పిల్ల, ఆ రోజు నిలదీసింది.

"మీరు పోలేదా అత్తమ్మా, మీ అమ్మగారింటికి? నా మీద ఏం కోపమో చెప్పున్రి."

"పోయిన." లక్ష్మవ్వ చాయ్ గిన్నె కింద పెట్టింది. "ఏడో నెలలనే పోయిన, బస్సుల. సోలాపూర్ దాటకముందే నొప్పులొచ్చినయి. ఆడపిల్ల. ఆ ఊరి ఆస్పత్రిలనే పుట్టింది, ఆడనే పోయింది. నీ మీద కోపం కాదు బిడ్డా. భయం."

నిలేష్ ఫోన్ పక్కన పెట్టేశాడు. తనకంటే ముందు ఒక అక్క పుట్టిందని ఇన్నేళ్లలో అతనికి ఎవరూ చెప్పలేదు. ముందు గదిలో ఉన్న తండ్రి బుచ్చిరాములు మాత్రం చెప్పులేసుకుని కార్ఖానాకు వెళ్లిపోయాడు. ఆయన ఎప్పుడూ అంతే. ఆస్పత్రి గేటు దాటిన నాటి నుంచి ఆ బిడ్డ ఊసెత్తలేదు. మరిచిపోయాడనే లక్ష్మవ్వ లోలోపల కుమిలేది.

కోమల్ వచ్చి అత్త చేయి పట్టుకుంది.

"అట్లయితే మీరు గూడ రాన్రి. నా పక్కన కూసోన్రి. మీకు భయమైతే నేనున్న, నాకు భయమైతే మీరున్నరు."

శనివారం ఇద్దరూ విమానం ఎక్కారు. పొద్దటి నుంచి లక్ష్మవ్వ గొంతులోకి ముద్ద దిగలేదు. విమానం లేచేటప్పుడు కళ్లు గట్టిగా మూసుకుని కోమల్ చేతిని నొక్కి పట్టుకుంది. తెరిచి చూసేసరికి కింద మబ్బులే. సోలాపూర్ ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో తెలియనే లేదు. కాసేపటికే దిగబోతున్నామని చెప్పారు.

"గింతేనా?" అంది లక్ష్మవ్వ.

బయట కోమల్ తల్లి కాత్యాయని కూతుర్ని గుండెకు హత్తుకుంది. లక్ష్మవ్వ పక్కకు జరిగి ఇంటికి ఫోన్ చేసింది. మొదటి రింగుకే బుచ్చిరాములు ఎత్తాడు.

"చేరినం. ఇద్దరం మంచిగున్నం."



"సోలాపూర్ దాటంగనే ఫోన్ చేస్తవనుకున్న," అన్నాడాయన. "మీరు విమానమెక్కినప్పటి సంది ఫోన్ చేతులనే పట్టుకొని కూసున్న."

లక్ష్మవ్వ గోడకు ఆనుకుంది. ఈయన మరవలేదు. ఒక్కనాడూ మరవలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, గుండె మీది బరువు మాత్రం దిగిపోయింది.

"పైన ఫోన్లు బంద్ చేపిస్తరయ్యా," అంది కొంగుతో మొహం తుడుచుకుంటూ. "దాటినం. మంచిగ దాటినం. నువ్వు తిన్నవా?"

"లే."

"తిను పో. నాకు గూడ ఆకలైతుంది."