సాంచకో నల్ల డబ్బా

కోరుట్ల బస్టాండ్ వెనక ఇంజనీర్ రాజేందర్‌ను ఎవరో కాల్చి చంపారు. విప్పి చూస్తున్న నల్ల డబ్బా మూత ఆయన పిడికిట్లోనే ఉండిపోయింది.

జగిత్యాలలో ఎరువుల దుకాణం బోర్డు వెనక ఉంది గూఢచారి ఏజెన్సీ ఆఫీసు. చీఫ్ బాపు రావు ఆ మూతను ఏజెంట్ విశ్వజిత్ ముందు పెట్టాడు.

"సిరిసిల్లల మరమగ్గాలున్నయి గద, గా సాంచలకు ఫారిన్ కంపెనీ ఒకటి టెక్నాలజీ పార్ట్‌నర్‌షిప్ అని గీ కంట్రోలర్లు ఫ్రీగ పెట్టింది. రేపు పొద్దుగాల వాళ్ల సర్వర్ నుంచి కమాండ్ వస్తది. నడుస్తున్న ప్రతి సాంచ మోటారు కాలిపోతది."

"ఎందుకు సార్?"

"ఇగ మిషన్లు వాళ్లయే, నూలు వాళ్లదే, బట్ట కొనేది గూడ వాళ్లే అని ఒక అగ్రిమెంటు రాసిండ్రు. గా దాని మీద సర్కారు సంతకం పెడ్తలేదు. ఊర్ల సాంచలన్నీ కాలినంక పెట్టక ఏంజేస్తది?"

"కరెంటు తీయిస్తే?"

"గా కరెంటాఫీసుల వాళ్ల మనిషున్నడు. తెలిస్తే ఇంకో రోజు పెట్టుకుంటరు."

విశ్వజిత్ మూతను చేతిలోకి తీసుకున్నాడు. "రాజేందర్‌ది ఏ ఊరు సార్?"

"సిరిసిల్లనే."

"అయితే శవాన్ని రేపు పొద్దుగాల్నే పంపుండ్రి. వాడవాడ తిప్పాలె."

తెల్లవారింది. రాజేందర్ అక్క సుజాత షెడ్డులో, మెకానిక్ వేషంలో ఉన్నాడు విశ్వజిత్. ఆమెకున్న ఆధారమల్లా అక్కడ ఆడుతున్న రెండు సాంచలే. తమ్ముడు పోయిన కబురు ఆమెకింకా తెలియదు. కంపెనీలో దుభాషిగా ఉంటూ ఏజెన్సీకి సమాచారమిచ్చే ఐశ్వర్య పట్టుచీరలో వచ్చింది.

"పసుపు ఎండిందా?" అన్నాడతను.

"ఇంకా ఉడుకుతుంది."

కోడ్ సరిపోయింది. కమాండ్‌ను ఆపే స్టాప్ కోడ్ అంటూ ఆమె ఇచ్చిన పెన్ డ్రైవ్‌ను అతను డబ్బాకు గుచ్చాడు. ఎర్ర లైటు వెలిగింది. వెనక్కి తిరిగేసరికి ఆమె చేతిలో పిస్టల్.

"నేను మీ మనిషిననుకున్నవా? వాళ్లు నాకు పాస్‌పోర్ట్ ఇస్తున్నరు. కదలకు. ఇంకొక్క నిమిషంల కమాండ్ వస్తది."

అప్పుడు వాడ చివరి నుంచి చావు డప్పు వినిపించింది. ఆ వైపు సాంచల మోత ఆగింది. పక్క వాడలో ఆగింది. ఆ పక్క వాడలోనూ ఆగింది. సుజాత ఏడుస్తూ లోపలికొచ్చి మెయిన్ స్విచ్ దించేసింది.

"నా తమ్ముడొస్తున్నడు. శవం లేసిననాడు ఈ ఊర్ల సాంచ నడ్వది."

కమాండ్ ఆపించడానికి ఐశ్వర్య ఫోన్ అందుకోబోయింది. విశ్వజిత్ ఆమె మణికట్టు విరిచి పట్టాడు. పిస్టల్ కింద పడింది. ఫోన్ తెరపై కమాండ్ వెళ్లినట్టు టిక్ పడింది. ఊళ్లో ఒక్క మోటారూ కాలలేదు. ఆ టిక్కే ఇక కంపెనీ మీద సాక్ష్యం.

సాయంత్రానికి ఊరంతా డబ్బాలు ఊడదీశారు. బేడీలతో జీపెక్కుతూ అడిగింది ఐశ్వర్య. "అన్ని సాంచలు ఒక్కసారే ఎవరు బంద్ చేయించిండ్రు?"

"మీరే మేడం," అన్నాడు విశ్వజిత్. "మొన్న కోరుట్లల కాల్చిననాడు."