రెండు కార్డుల మందం

“ఇవాళ పద్దెనిమిది,” అంది పుష్ప, ఫ్యాక్టరీ గేటు ముందు బండి దిగుతూ.

“ఏటి పద్దెనిమిది?”

“నా హెల్మెట్ నీ హెల్మెట్‌కి కొట్టుకుంది. పద్దెనిమిది సార్లు. నిన్న పదిహేనే. బాగా ఇంప్రూవ్ అవుతన్నావ్.”

అశోక్ గేరు మార్చిన ప్రతిసారీ బండి ఒక గంతు వేసేది. వెనక కూర్చున్న పుష్ప తల వచ్చి అతని తలకి ఠక్కున తగిలేది. కూర్మన్నపాలెం జంక్షన్ నుంచి అచ్యుతాపురంలోని ఫ్యాక్టరీ దాకా మూడు నెలలుగా ఇదే తంతు. అశోక్ ఆ ఫ్యాక్టరీలో పంపు ఫిట్టర్. ప్రపంచంలోని పంపులన్నీ బాగుచేస్తాడు. బండి మాత్రం అలా ఉంది. పుష్ప అక్కడే ల్యాబ్‌లో కెమిస్టు. కంపెనీ బస్సు మానేసి ఇతని బండి ఎందుకెక్కుతోందో మొదటి రోజే చెప్పేసింది. జంక్షన్‌లో బస్సు ఐదున్నరకి, బండి ఆరుంబావుకి. తేడా నలభై ఐదు నిమిషాల నిద్ర.

ఆ నిద్రంటే అశోక్‌కి ఎంతో గౌరవం. అది లేకపోతే వెనక సీట్లో పుష్ప లేదు. నువ్వంటే ఇష్టమని చెప్పడానికి రోజూ ఇంటి దగ్గరే ఒక వాక్యం తయారుచేసుకునేవాడు. లంకెలపాలెం దాకా అది నోట్లోనే ఉండేది. అక్కడ ట్రాఫిక్‌లో గేరు మార్చాలి. ఠక్. వాక్యం పోయేది.

“కావాలనే సేత్తన్నావా?” అంది పుష్ప, గేటు దగ్గరే ఆగి.

“ఏటి?”

“ఈ కుదుపులు. మా ల్యాబ్‌లో రాణి అంటంది, కుర్రాళ్లు కావాలనే అలా నడుపుతారంట, వెనకున్నోళ్లు మీద పడాలని.”

“అమ్మతోడు, నాను అలాటోణ్ణి కాదు.”

“అదీ తెలుసు.” ఆ మాట మెచ్చుకున్నట్టు లేదు. “సోమవారం నుంచి కంపెనీ బస్సుకి ఎల్లిపోతాను. నువ్వేటంటావ్?”

అశోక్ ఆలోచించాడు. అతను ఆలోచించడం చూసి పుష్పకి కొంచెం ఆశ కలిగింది.

“సోమవారానికి గేరు బాగుసేసేత్తాను,” అన్నాడు.

ఆమె హెల్మెట్ తీసి చంకన పెట్టుకుంది. “సెయ్యి,” అని లోపలికి వెళ్లిపోయింది.

శనివారం సాయంత్రం బండిని మెకానిక్ దాలయ్య దగ్గరికి తోలాడు. దాలయ్య క్లచ్ లివర్‌ని ఒక్క వేలితో నొక్కి చూసి నవ్వాడు.

“బావా, అంగుళం వదులుంది. నువ్వు క్లచ్ పట్టినా లోపల సగమే విడతంది. విడకుండా గేరెయ్యమంటే తంతాదా, ముద్దెడతాదా? ఉంచెయ్, పది నిమిషాల్లో సేసిస్తాను.”

“నువ్వెందుకు? నాను ఫిట్టర్ని.”

“మరీ మంచిది. కేబుల్ చివర నట్టు తిప్పు. ఒక్కటి గుర్తెట్టుకో, మొత్తం బిగించెయ్యకు. లివర్ దగ్గర పిసరంత వదులుండాల.”

పంపు దగ్గర వదులంటే లీకు. లీకంటే సూపర్‌వైజర్ తిట్లు. ఆరేళ్ల సర్వీసులో అశోక్ నమ్మిన సిద్ధాంతం అదొక్కటే. ఆదివారం వాకిట్లో కూర్చుని పానాతో నట్టు తిరిగినంతా తిప్పాడు. పిసరంత వదలమన్న దాలయ్య మీద జాలి కూడా పడ్డాడు. బండి స్టాండ్ మీద ఉండగానే స్టార్ట్ చేసి గేర్లన్నీ వేసి చూశాడు. చప్పుడు లేకుండా పడ్డాయి. రోడ్డు మీదికి మాత్రం తీసుకెళ్లలేదు. నమ్మకం ఉన్నవాళ్లకి ట్రయల్ అక్కర్లేదు.

సోమవారం ఆరుంబావుకి పుష్ప జంక్షన్‌లోనే ఉంది. అంటే బస్సు ఎక్కలేదు. దానికి వేరే అర్థం ఉండొచ్చని అశోక్‌కి తట్టలేదు.

“ఇవాళ సున్నా, సూస్కో,” అన్నాడు.

నిజంగానే లంకెలపాలెం దాకా ఒక్కసారీ తగల్లేదు. అది దాటాక రోడ్డు ఎత్తెక్కింది. ఇంజన్ అరిచింది. ఆ అరుపుతో తనకేం సంబంధం లేనట్టు బండి నెమ్మదించింది. సైకిల్ మీద పాలక్యాన్లతో ఒక పెద్దాయన వాళ్లని దాటుకుపోతూ వెనక్కి తిరిగి చూశాడు. అప్పుడే వాన కూడా మొదలైంది. ప్రేమకథల్లో పడే వానే. కాకపోతే లారీల దుమ్ముతో కలిసి పడింది.

“సున్నా అన్నది స్పీడు గురించా?” అంది పుష్ప.

బస్‌షెల్టర్ కిందికి బండి నెట్టారు. పుష్ప లివర్ నొక్కి చూసింది. “వదులు ఎంతుంచేవు?”

“ఉంచలేదు.”

“అంత బిగదీస్తే క్లచ్ జారిపోదేటి? పానా ఇయ్యి. నీ కార్డు కూడా.”

అతని మెడలోని ఐడీ కార్డునీ తన కార్డునీ కలిపి లివర్ మొదట్లో సందు దగ్గర పెట్టింది. దూరలేదు. రెండూ సరిగ్గా దూరేదాకా నట్టు వదులు చేసి, అక్కడ బిగించింది. ఫొటోలు రెండూ ఎదురెదురుగా, మధ్యలో గాలి కూడా లేకుండా ఉన్నాయి. మూడు నెలల్లో అశోక్‌కి చేతకానిది అతని ఫొటో మూడు నిమిషాల్లో సాధించింది.

“ఇయ్యన్నీ నీకెలా తెలుసు?”

“మా నాన్న స్టీల్‌ప్లాంటుకి ముప్పై ఏళ్లు ఇలాటి బండి మీదే ఎల్లాడు. పానాలందించింది నాను.”

“అయితే నా బండికేటయ్యిందో...”

“మొదటివారమే తెలుసు.”

“మరి సెప్పలేదేటి?”

పుష్ప చేతికంటిన జిడ్డుని అతని చొక్కాకి తుడిచింది. “సెప్తే నువ్వు బాగుసేసెయ్యవా? అప్పుడు తగలదు గదా.”

అశోక్ సందులోంచి కార్డులు రెండూ లాగాడు. “మరి బస్సుకి ఎల్లిపోతానన్నావ్?”

“ఎల్లొద్దంటావనుకున్నాను. నువ్వెల్లి నట్టు బిగించుకొచ్చావ్.”

మూడు నెలల వాక్యాల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. “ఎల్లొద్దు,” అన్నాడు. “ఎప్పుడూ ఎల్లొద్దు. నువ్వంటే నాకిష్టం పుష్పా.”

“హమ్మయ్య. షిఫ్టుకి పావుగంట లేటు. బండి తియ్యి.”

బండి కదిలింది. రెండో గేరు, మూడు, నాలుగు. ఎక్కడా గంతు లేదు. అచ్యుతాపురం దగ్గరపడ్డాక రోడ్డు తిన్నగా ఉంది. ముందు బండ్లు లేవు, గుంటల్లేవు.

ఠక్.

“నాను గేరు మార్చలేదు,” అన్నాడు అశోక్.

“తెలుసు,” అంది పుష్ప. “ఒకటి.”