దీవెన అడగని కూతురు

ఉడికిన పచ్చి అరటికాయల్ని గరిటెతో మెదుపుతూనే ఎర్సీలియా వీధి గేటు మీద ఒక కన్ను వేసి ఉంచింది. గేటుకి తాళం వేసి, తాళంచెవి గుండెల దగ్గర దోపుకుంది. మా వీధిలో ఏ ఇంటి పిల్లలైనా లేవగానే "అమ్మా, దీవెన" అంటారు. "దేవుడు నిన్ను దీవించాలి" అని తల్లి అన్నాకే కాఫీ. ఎర్సీలియా పెద్దకూతురు యుడెల్కా మాత్రం ఏడేళ్ళుగా ఆ మాట అనడం లేదు. పిల్లకి పొగరెక్కువని ఎర్సీలియా కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకునేది.

ఆ రోజూ అనలేదు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, జుట్టు బిగించి కట్టుకుని వచ్చి చెయ్యి చాపింది.

"తాళం ఇవ్వమ్మా."

"ముందు తిను. గుడ్డు కూడా వేయించాను."

"తొమ్మిదింటికి కోర్టులో ఉండాలి. తాళం ఇవ్వు."

"కోర్టట కోర్టు! ఆయనుండేది కెనడాలో. మన ఊళ్ళో ఎప్పుడో ఏదో జరిగిందంటే ఆ దేశం వాళ్ళకేం పనే?"

"పనుంది. లాయరమ్మ నీ ఎదురుగానే చెప్పిందిగా. వాళ్ళ దేశపు మనిషి ఎక్కడికెళ్ళి పిల్లల్ని పాడుచేసినా, సొంతూళ్ళో చేసినట్టే లెక్క. అక్కడే కేసు, అక్కడే శిక్ష. నేనిక్కడ తెర ముందు కూచుని చెబితే అక్కడి జడ్జి వింటాడు. విమానమెక్కితే అంతా ఈ ఇసుకలోనే ఉండిపోతుందనుకున్నాడు ఆ పెద్దమనిషి. నువ్వూ అదే అనుకుంటున్నావు."

ఆ పెద్దమనిషి డాన్ రసెల్. ఒకప్పుడు చలికాలమంతా మా ఊరి సముద్రం ఒడ్డునే గడిపేవాడు. పిల్లలకి బేస్‌బాల్ నేర్పేవాడు. తుఫానులో ఎర్సీలియా ఇంటి రేకులు ఎగిరిపోతే సిమెంటు కప్పు వేయించాడు. ఆవిడ మురిసిపోయి, ఆలస్యంగానైనా యుడెల్కాకి జ్ఞానస్నానం ఇప్పించి, ఆయన్నే జ్ఞానతండ్రిగా నిలబెట్టింది. దాంతో మా స్పానిష్‌లో ఆయన ఆవిడకి కంపాద్రే, ఆవిడ ఆయనకి కొమాద్రే, అంటే ఒకే బిడ్డకి తండ్రీ తల్లీ లాంటి చుట్టాలు. మా వైపు అన్నదమ్ములు విడిపోతారు, మొగుడూ పెళ్ళాలు విడిపోతారు, ఆ బంధం మాత్రం చచ్చేదాకా తెగదు. ఆయన మళ్ళీ వస్తాడని చూస్తూ చూస్తూ చిన్నకూతురు నోయెమీకి ఇంతవరకూ జ్ఞానస్నానమే చేయించలేదు, పిచ్చిది!

"జ్ఞానతండ్రంటే తండ్రి తర్వాత తండ్రి," అంది ఎర్సీలియా. "ఆయన మీద సాక్ష్యమా? రేపు వీధిలో తలెత్తుకోగలనా నేను?"

"నాకు పన్నెండేళ్ళప్పుడూ ఇదే అన్నావు. నీకు చెప్పుకుందామని ఏడుస్తూ వస్తే చెంప పగలగొట్టావు. మర్నాడు పొద్దున్నే నన్ను తీసుకెళ్ళి ఆయన ముందు నిలబెట్టి, దీవెన అడగమన్నావు."

గరిటె ఆగిపోయింది.

"అడిగాను. నా తల మీద చెయ్యి పెట్టి నవ్వాడు. ఆ రోజు నుంచీ ఆ మాట నా నోటికి రావట్లేదమ్మా. నీ దగ్గర కూడా రావట్లేదు. నువ్వు దాన్ని పొగరంటున్నావు."

ఇంతలో బల్ల మీద ఫోను మోగింది. తెర మీద ఆయన పేరే.

"మనతో మాట్లాడొద్దని జడ్జి చెప్పాడు," అంది యుడెల్కా. "అయినా చేస్తున్నాడు. ఎత్తు. ఏమంటాడో విందాం."

ఎర్సీలియా ఎత్తింది. ఆవిడెప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడుతుంది.

"కొమాద్రే! నా బంగారు కొమాద్రే!" వచ్చీరాని స్పానిష్‌లో అదే తీపి గొంతు. "పిల్ల ఏదో పొరబడింది. ఈ ఒక్కరోజు ఇంట్లో ఉంచెయ్, చాలు. ఇదంతా చల్లారాక నేనే వచ్చి చిన్నదాని జ్ఞానస్నానం జరిపిస్తాను. దానికి పదకొండు దాటాయి కదూ? అప్పటి యుడెల్కా అంతైందా? ఏదీ, పిలువు. దీవెన అడగమను."

తన మాటెత్తడం విని నోయెమీ తడి జుట్టుతోనే గదిలోంచి పరుగెత్తుకొచ్చింది. ఫోను దగ్గరకి వంగి, అలవాటుగా నోరు తెరిచింది.

ఎర్సీలియా చెయ్యి చటుక్కున ఆ నోరు మూసేసింది. చేతికంటిన అరటి ముద్ద పిల్ల బుగ్గల నిండా పులుముకుంది.

"హలో? కొమాద్రే?"

"కాను," అంది ఎర్సీలియా. "ఈ రోజు నుంచి నీకు నేను కొమాద్రేని కాను. నా పిల్లలకి నువ్వేమీ కావు. ఇంటి కప్పు కావాలంటే వచ్చి పీక్కుపో. దీవెనట, దీవెన! థూ! నువ్వు ఫోన్ చేసిన సంగతి కూడా మీ జడ్జికి చెప్పిస్తాను. ఇక పెట్టెయ్."

ఆయన పెట్టేదాకా ఆగకుండా తనే కట్ చేసి, కుర్చీలో కూలబడి బావురుమంది.

"కొట్టాను కదే నిన్ను! వీడి కోసం కొట్టాను కదే!"

"కొట్టావు. మర్చిపోలేదు."

"మర్చిపోకు," అని ముక్కు తుడుచుకుంది ఎర్సీలియా. "ఎప్పటికీ మర్చిపోకు. ఉండు, బట్టలు మార్చుకొస్తాను."

చర్చికెళ్ళేటప్పటి నీలం గౌను వేసుకుని, నోయెమీ చెయ్యి పట్టుకుని, గేటు తాళం తనే తీసింది. ఎదురింటి అరుగు మీద డోన్యా తాతీకా కాఫీ తాగుతోంది. ఆవిడ చెవిన పడితే ఊరంతా పడ్డట్టే.

"ఏం ఎర్సీలియా, పనిరోజున చర్చి గౌనేశావు? ఎవరు పోయారే?"

యుడెల్కా తల దించుకుంది. ఎర్సీలియా మాత్రం వీధి మధ్యలో నిలబడిపోయింది.

"ఎవరూ పోలేదు. కోర్టుకెళ్తున్నాం. డాన్ రసెల్ నా కూతుర్ని చిన్నప్పుడు పాడుచేశాడు. ఆయన దేశం జడ్జికి అది చెప్పబోతోంది. నేను పక్కన కూచుంటాను. విన్నావుగా, అందరికీ చెప్పు. తప్పుగా మాత్రం చెప్పకు."

ముగ్గురూ వీధి చివరి దాకా నడిచారు. అక్కడ యుడెల్కా ఆగింది. పెదవులు రెండుసార్లు కదిలాయి.

"అమ్మా," అంది చివరికి. "దీవెన."

ఎర్సీలియా చెయ్యి పైకెత్తింది గానీ, ఆ తల మీద పెట్టలేదు. కూతురి చెయ్యి పట్టుకుని, వీధి వీధంతా వినేలా అంది.

"దేవుడు నిన్ను దీవించాలి, తల్లీ. పద. టైమవుతోంది."