బావి తిరిగి పలికిన అంకె

రండి, ఇంకొంచెం దగ్గరికి జరగండి. తలుపు వారనున్న అమ్మా, నువ్వూ రా. దేవుడి మీద ఆన, ఇందులో ఒక్క ముక్క కల్పించి చెప్పను.

రేవులో నాది నీళ్ళు కొలిచే పని. చిన్న గది, మధ్యలో సముద్రంలోకి దిగిన ఇనుప బావి, అందులో నీటి ఎత్తు చూపే అంకెల పలక. ఒకరు వంగి చూసి అంకె పలకాలి, రెండోవాళ్ళు దాన్ని తిరిగి పలికి పుస్తకంలో రాయాలి. అదీ మా పద్ధతి. నా జోడీ కొంగ తాత పోయాక చూసేదీ నేనే, పలికేదీ నేనే, రాసేదీ నేనే.

ధ్రువాల దగ్గర మంచు కరిగి ఏటికేడు నీళ్ళు పైకొస్తున్నాయి. మా అధికారి మాత్రం, "జనాన్ని బెదరగొట్టకు. పాత నూట నలభయ్యే రాసెయ్యి," అన్నాడు. రాశాను. వీధి బోర్డు మీదా అదే. సముద్రాన్ని ఆపే గట్టు ఎత్తు నూట అరవై. గట్టు కిందే మా చెల్లెలి ఇల్లు.

ఆ ఉదయం అడిగింది. "అన్నయ్యా, ఎక్కడో మంచు కరిగితే నా గడప తడుస్తుందా? పోనీలే, కడిగే పని తప్పుతుంది!" నవ్వు ఆపి, మెల్లగా, "నిజం చెప్పు. పిల్లని తీసుకుని మెరక మీదికి పోనా?"

"నీళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయే," అన్నాను.

మధ్యాహ్నం పోటు. బయట ఎండ. గదిలో చలి... ఉప్పు వాసన లేదు. ఏనాడో మూసిన మంచుపెట్టె తెరిచినట్టు, పాత, చల్లని వాసన. పలక చూడకుండానే పలికాను.

"నూట నలభై."

బావిలోంచి ఎవరో తిరిగి పలికారు.

"నూట యాభై ఎనిమిది."

చిన్నపిల్ల గొంతు. నా మేనకోడలిది... నోటినిండా నీళ్ళున్నట్టు.

"నూట... నలభై."

"కాదు మామయ్యా. నూట యాభై తొమ్మిది."

టార్చి వేశాను. బావిలో ఎవరూ లేరు. నీళ్ళు సరిగ్గా ఆ గీత మీదే.

పరిగెత్తాను. పిల్ల ఇంట్లో, పొడిగా, నిద్రపోతోంది. "అబద్ధం చెప్పానే, లే!" అని చెల్లెల్ని లాగి, పిల్లని ఎత్తుకుని, దారి పొడుగునా అంకె అరుస్తూ వచ్చాను. ఇరుగుపొరుగు నవ్వారు. "బోర్డు మీద నూట నలభై రాసింది నువ్వేగా!"

మెరక ఎక్కి వెనక్కి తిరిగేసరికి వీధి లేదు. రోజూ దేవుడి ముందు వాళ్ళందరినీ ఒక్కొక్కరినే తలుచుకుంటాను.

మేనకోడలు ఇప్పుడు పొద్దున్నే లేస్తూనే నిన్నటికంటే పెద్ద అంకె పలుకుతుంది. ఎక్కడిదే అంటే తెలియదంటుంది. మనం కూర్చున్న ఈ మెరక ఎత్తు మూడు వందలు.

నాయనలారా, ఒక్కటి గుర్తుంచుకోండి. చూసింది చూసినట్టు పైకి పలకండి, విన్నవాళ్ళు తిరిగి పలకండి. ఇంటికెళ్ళి మీ వాళ్ళచేతా పలికించండి. ఇప్పుడే మొదలుపెడదాం. ఈ ఉదయం పిల్ల చెప్పిన అంకె నేను పలుకుతాను, మీరు...

ఎవరది, తిరిగి పలికింది? నేనింకా పలకందే!