పదకొండోవాడి వంతు

ఈ కంగారూల దేశంలో హెలెన్స్‌బర్గ్ గుడికి కారులో వెళ్ళే మన తెలుగువాళ్ళెవరినైనా అడిగి చూడండి. పెద్ద రోడ్డు మూసేస్తే గంటసేపు పడిగాపులు పడతారు గానీ, చీకటిపడ్డాక అడవిలోంచి పోయే పాత రోడ్డు ఎక్కరు. ఎక్కినా ఫిరంగి పార్కు దగ్గర మాత్రం బండి ఆపరు.

ఆ రోడ్డు మీద అదో చిన్న ఊరు. పాతిక ఇళ్ళు, ఒక పెట్రోలు బంకు, ఒక పార్కు. పార్కులో సిమెంటు దిమ్మ మీద పొట్టి ఫిరంగి ఒకటి ఉంటుంది. నూరేళ్ళ కిందటి పెద్ద యుద్ధంలో ఈ దేశపు సిపాయిలు ప్రష్యా రాజు సైన్యం దగ్గర గెలుచుకుని, ఓడలో వేసి ఇక్కడికి తెచ్చారట. అది సైన్యంలో ఏ డివిజన్‌దో, ఎక్కడ పట్టుకున్నారో దిమ్మకి కొట్టిన రేకు మీద రాసి ఉంటుంది. దాన్ని పేల్చినవాళ్ళు కూడా దాంతోపాటే వచ్చారన్న సంగతి మాత్రం రాసి లేదు...

టూంగాబీ పేటలో కూరగాయల కొట్టు పెట్టుకున్న శేషాచలం అంకుల్ కనపడ్డవాళ్ళందరికీ ఇదే చెప్తాడు.

"వెంకీ అని మన కుర్రాడే, సిగరెట్టు కాల్చుకోడానికి అక్కడ ఆగాడు. చెయ్యి మోచేతి దాకా చీలిపోయింది. ఇరవై కుట్లు! ఎవడు కోశాడ్రా అంటే, ఎవడూ లేడు అంకుల్ అంటాడు."

"సిగరెట్టు మానేశాడా లేదా?" అని నవ్వాడు భీమయ్య.

"నవ్వు, నవ్వు. నీ దాకా వస్తే తెలుస్తుంది."

భీమయ్యది ఒంగోలు వైపు. టూంగాబీలోనే ఒక హోటల్లో వంట మాస్టరు. ఆ జూన్‌లో ఓ శనివారం గుడిలో పెద్ద పూజ ఉందని తన వ్యానులో వెళ్ళి, పొద్దుటి నుంచి పులిహోర కలుపుతూనే ఉన్నాడు. కూతురు నీరజకి రౌస్ హిల్ షాపులో డ్యూటీ పడింది. అందుకని ఆరేళ్ళ మనవరాలిని కూడా వెంటబెట్టుకెళ్ళాడు. ఆడపిల్లే అయినా ఇంటిల్లిపాదీ చింటూ అనే పిలుస్తారు.

తిరిగొచ్చేటప్పుడు పెద్ద రోడ్డు మీద యాక్సిడెంటు. పోలీసులు బళ్ళన్నీ పాత రోడ్డులోకి మళ్ళించారు. ఇక్కడ జూన్ అంటే చలికాలం కదా, ఆరు దాటిందో లేదో చిమ్మచీకటి.

ఊరు ఇంకో మైలు ఉందనగా... దబ్బుమని చప్పుడు!

చిన్న కంగారూ ఒకటి వ్యాను ముందుకి దూకేసింది. నడుం విరిగి, రోడ్డు మీద పడి ముందు కాళ్ళతో నేలని గీరుతోంది. పిల్లని కళ్ళు మూసుకోమన్నాడు భీమయ్య. దాని బాధ చూడలేక, జాకీ రాడ్డు తీసుకుని నెత్తి మీద ఒక దెబ్బ వేశాడు. చావలేదు. రెండో దెబ్బకి చచ్చింది... ఆయన ముఖం మీద నెత్తురు వెచ్చగా చిందింది.

బానెట్‌లోంచి ఆవిరి ఎగజిమ్ముతోంది. అలాగే మెల్లగా ఊళ్ళోకి తోలుకొచ్చి, నీళ్ళ పంపు కనిపించిన చోట ఆపాడు. దిగాక చూసుకున్నాడు — పంపు పక్కనే ఫిరంగి.

ఫోను తీశాడు. సిగ్నల్ లేదు. ఇళ్ళలో దీపాలు దూరంగా మినుకుమంటున్నాయి.

"తాతా, ఐ యామ్ స్కేర్డ్," అంది చింటూ వెనక సీట్లోంచి.

"ఏం లేదమ్మా. ఇంజిను చల్లారాక నీళ్ళు పోసుకుని పోదాం. ఈలోపల కథ చెప్పనా?"

"ద కింగ్ స్టోరీ!"

"ఊఁ కొట్టాలి మరి. నువ్వు ఊఁ కొడితేనే కథ నడిచేది."

చింటూకి తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడేదంతా ఇంగ్లీషే. ఊఁ కొట్టడం మాత్రం తాతే నేర్పాడు. అదొక్కటీ తెలుగమ్మాయిలా కొడుతుంది.

వ్యాను అద్దం సగం దించి, డబ్బా పట్టుకుని పంపు వైపు నడుస్తూనే మొదలుపెట్టాడు భీమయ్య.

"అనగనగా ఒక రాజు..."

"ఊఁ."

"ఆ రాజుకి..."

"ఒక డివిజన్ ఉండేది."

భీమయ్య చెయ్యి పంపు మీదే ఆగిపోయింది.

ఆ మాట తను అనలేదు. ఫిరంగి వెనకనుంచి వచ్చింది. నోటినిండా మట్టి కుక్కుకున్నవాడి గొంతులా ఉంది.

"పన్నెండు వేల మందిమి. ఎక్కువమందిమి కాలినడక సిపాయిలమే. దుక్కి దున్నేవాళ్ళు, వడ్రంగులు, రొట్టెలు కాల్చేవాళ్ళు. రైలెక్కుతుంటే ఆడవాళ్ళు మా తుపాకీల్లో పూలు గుచ్చారు."

"ఊఁ," అంది పిల్ల.

గడ్డిలో బూట్ల చప్పుడు... ఒక జత కాదు, రెండు జతలు కాదు. వేల బూట్లు, ఒకే అడుగు.

"మొదటి ఏడు పరాయి దేశంలో ఊళ్ళు తగలబెట్టాం. మంటల్లోంచి బయటికొచ్చినవాణ్ణి గోడకి నిలబెట్టాం. నేనూ కాల్చాను."

"ఊఁ."

గుప్పున కమురు వాసన. ముప్ఫయ్యేళ్ళుగా పొయ్యి దగ్గర బతికిన భీమయ్యకి ఏది కాలుతోందో వేరే చెప్పక్కర్లేదు.

"రెండేళ్ళు తిరిగేసరికి ఒక నది ఒడ్డున పడ్డాం. వారం రోజులు ఆకాశంలోంచి గుండ్లు. మనిషి ఉన్న చోట బూటు మిగిలేది. బూటులో పాదం మిగిలేది. సగం డివిజన్ బురదలో కలిసిపోయింది. కొత్తవాళ్ళని తెచ్చి నింపారు. వాళ్ళూ కలిసిపోయారు."

"ఊఁ..."

కాళ్ళ కింద గడ్డి మెత్తబడింది. చూస్తుండగానే చీలమండల దాకా బురద. ఆ బురదలో ఏదో ఆయన పాదాన్ని పట్టుకుని, మళ్ళీ వదిలేసింది.

చింటూ, ఊఁ కొట్టకే! అని అరుద్దామనుకున్నాడు భీమయ్య. నోరు ఆయన మాట వినలేదు.

"నాలుగో ఏటికి డివిజన్ అన్న పేరే మిగిలింది. ఒక తెల్లవారుజామున, మంచులో, ఈ ఫిరంగి దగ్గర పదకొండు మందిమి ఉన్నాం. గుండ్లు అయిపోయాయి. ఎదురుగా ఈ దేశపు సిపాయిలు. చేతులెత్తేశాం."

"ఊఁ."

ఫిరంగి చుట్టూ పదకొండు జతల చేతులు లేచాయి. మోచేతుల దాకా మట్టి. ముఖాలు లేవు.

"చేతులెత్తినా ఆగలేదు. మొదటివాణ్ణి తుపాకీ కత్తితో పొట్టలో..."

"ఊఁ."

ఒక జత చేతులు కిందికి వాలాయి. బుడబుడమని చప్పుడు.

"రెండోవాణ్ణి మెడలో."

"ఊఁ."

మూడోవాణ్ణి... నాలుగోవాణ్ణి... పిల్ల ఊఁ అన్నప్పుడల్లా ఒకడు కూలుతున్నాడు. ఐదోవాడు అమ్మని పిలిచాడు. ఎనిమిదోవాడి చేతులు తెగి ఫిరంగి మీద పడ్డాయి. ఇనప గొట్టం మీంచి నల్లగా కారుతోంది.

"పదోవాణ్ణి కంట్లో."

"ఊఁ."

పదిమందీ పడిపోయారు. గాలి కూడా స్తంభించింది.

అప్పుడు... పడ్డవాళ్ళు ఒక్కొక్కళ్ళే లేచి కూర్చున్నారు. పది తలలూ నెమ్మదిగా వ్యాను వైపు తిరిగాయి. తమని పొడిచినవాడి కోసం కాదు, ప్రతి పోటుకీ ఊఁ అన్నదెవరా అని చూస్తున్నారు!

భీమయ్య పై ప్రాణాలు పైనే పోయాయి. బురదలోంచి కాళ్ళు పెరుక్కుంటూ పరిగెత్తాడు. వెనకే వాళ్ళూ. ముందున్నవాడి చేతిలో పొడుగాటి కత్తి, సరిగ్గా పిల్ల కూర్చున్న కిటికీకి గురిపెట్టి.

"ఇంక మిగిలింది పదకొండోవాడు..."

పిల్ల పెదాలు విడివడ్డాయి. భీమయ్య అద్దంలోంచి చెయ్యి దూర్చి ఆ నోరు గట్టిగా మూసేశాడు. కిటికీకి అడ్డం పడ్డాడు.

కత్తి ఆయన తొడలో దిగింది. ఎముక దాకా దిగి, లోపల ఒకసారి మెలితిరిగింది.

ఆ తర్వాత ఆయనకేమీ గుర్తులేదు.

కళ్ళు తెరిచేసరికి ఆస్పత్రి. పక్కన నీరజ, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉంది.

"కంచె కడ్డీ నాన్నా. పార్కు చుట్టూ కొత్త కంచె వేస్తున్నారట, ఇనప కడ్డీలు అక్కడే పాతి వదిలేశారు. చీకట్లో దాని మీద పడ్డావు. బంకు అతను చూసి అంబులెన్సు పిలిచాడు. చింటూకి ఒక్క గీత కూడా పడలేదు."

భీమయ్యకి ప్రాణం లేచొచ్చింది. కడ్డీయే! కంగారూని చంపిన బెదురు, పొద్దుటి నుంచీ పొయ్యి దగ్గర నిలబడ్డ నీరసం... అంతే. శేషాచలం మాటలు బుర్రలో దూరి ఆడించాయి. తనని తనే తిట్టుకుని చిన్నగా నవ్వాడు కూడా.

నీరజ కాఫీ తేవడానికి కిందికెళ్ళింది. చింటూ కుర్చీ ఎక్కి, మంచం మీద మోచేతులు ఆనించుకుంది.

"తాతా," అని గుసగుసలాడింది, "దట్ స్టోరీ వజ్ సో స్కేరీ."

భీమయ్య నవ్వు సగంలో ఆగింది.

"నువ్వూ విన్నావా అమ్మా? ఆ ఫిరంగి వెనక మాట్లాడిందెవరు? చూశావా?"

పిల్ల వింతగా చూసింది.

"నోబడీ, తాతా. యు టోల్డ్ ఇట్. యు స్టుడ్ బై ద పంప్ లైక్ ఎ స్టాచూ, విత్ ఎ ఫన్నీ వాయిస్. ఐ సెడ్ ఊఁ, ఊఁ. దెన్ యు ర్యాన్ అండ్ షట్ మై మౌత్."

భీమయ్య మంచం అంచు పట్టుకుని లేచి కూర్చున్నాడు. నాలుగో తరగతి దాటని తనకి ఆ యుద్ధం ఏమిటి, డివిజన్ ఏమిటి? ఆ నది పేరు కూడా తనకి తెలియదు...

తెలుసు. అనుకోగానే నాలుక కొసకి వచ్చింది. ఆ నది పేరు. ఆ ఊళ్ళ పేర్లు. పదిమంది పేర్లు, వాళ్ళ తల్లుల పేర్లు. పదకొండోవాడి పేరైతే సొంత పేరంత తేలిగ్గా వచ్చింది.

"వాట్ హ్యాపెండ్ టు ద లాస్ట్ మేన్, తాతా?"

నోటినిండా మట్టి రుచి. నాలుక దానంతటదే పైకి లేస్తోంది. కథ బయటపడి పిల్ల ఊఁ అందంటే ఇక పదకొండోవాడి వంతేనని, భీమయ్య రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. పెదాలు వేళ్ళ కింద కదులుతూనే ఉన్నాయి. అరచేతిని పళ్ళ మధ్య పెట్టుకుని, రక్తం కారేదాకా కొరికి పట్టుకున్నాడు.

చింటూ గడ్డం కింద చేతులు పెట్టుకుని, ఆయన ముఖంలోకే చూస్తోంది.

"ఊఁ?" అంది.